స్పాంజి ఫిల్టర్ ఆత్మకథ

చిన్న చేపల తొట్టిలో నీటిని బాగుచేసే నురగముక్క స్పాంజి ఫిల్టర్. తన కథ చెప్పేటప్పుడు అది ‘నేను’ అనదు. దాని రంధ్రాల్లో కాపురముండే సూక్ష్మజీవులు కోట్లలో ఉంటాయి. అందరి తరఫునా ఒక్క ‘నేను’ చాలదు. స్పాంజి పనితీరులో విశేషమేమీ లేదు. గాలిపంపు వదిలే బుడగలు గొట్టంలో పైకి లేస్తుంటే, వాటి వెంట నీరు స్పాంజిలోంచి లాగబడుతుంది, అంతే.

ఈ స్పాంజి కొలువు అమెరికాలోని మినెసోటాలో. అక్కడ పెరట్లో సగానికి కోసిన చెక్కపీపాలో నాలుగు చిన్న గోల్డ్‌ఫిష్‌లు వేసవంతా తిరుగుతాయి. చలికాలంలో, లోతైన చెరువైతే మంచు కిందా బతకగలవు. 4 డిగ్రీల నీరే అన్నిటికన్నా బరువైనది కాబట్టి అది అడుగున నిలుస్తుంది, గడ్డకట్టడం పైనుంచి మొదలవుతుంది. అడుగున్నర లోతు పీపాకు ఆ రక్ష లేదు. నీరు 10 డిగ్రీలకు దిగకముందే చేపలను బేస్‌మెంట్‌లోని గాజుతొట్టికి తెచ్చి, కొత్త నీటికి నెమ్మదిగా అలవాటు చేయాలి. పైన మూత ఉండాలి, ఎగిరి పడతాయి.

యజమానికి ఇంతవరకూ తెలుసు. తెలియనిది అమ్మోనియా. చేపలు దాన్ని మొప్పల గుండా వదులుతాయి. పీపాలో నాచు, మొక్కలు దాని పని పట్టేవి. ఇక్కడ భారమంతా స్పాంజిది. అందులోని ఒక రకం బాక్టీరియా అమ్మోనియాను నైట్రైటుగా, మరో రకం దాన్ని అంతగా హాని చేయని నైట్రేటుగా మారుస్తాయి. ఈ కాపురం కుదురుకోవడానికి నాలుగు నుంచి ఆరు వారాలు, చలిలో ఇంకా ఎక్కువ పడుతుంది. పాలకు తోడు వేసినట్టు, స్పాంజిని ఆగస్టులోనే పీపాలో వేసి ఉంచితే సరిపోయేది. కానీ అక్టోబరులో, అట్టపెట్టె విప్పిన రోజే, చేపలతోపాటు దించారు. మూడో వారానికి చేపలు నీటిపైకి వచ్చి గుటకలు వేశాయి. నైట్రైటు చేరిన రక్తం గోధుమరంగుకు తిరిగి, ప్రాణవాయువును మోయలేకపోతుంది. ఒకటి చచ్చిపోయింది. నింద ఫిల్టర్ మీద పడింది.

డిసెంబరు చివర నీటిపరీక్షలో అమ్మోనియా, నైట్రైటు రెండూ సున్నాకు వచ్చాయి. స్పాంజి గర్వంగా చెప్పుకునే రోజు అదొక్కటే. పరీక్షపట్టీ పాడైందని యజమాని అనుకున్నారు.

జనవరిలో, మురికిగా ఉందని, దాన్ని కుళాయి కింద తెల్లబడేదాకా పిండారు. కుళాయినీటిలోని క్లోరిన్ ఉన్నదే సూక్ష్మజీవులను చంపడానికి. తొట్టిలోంచి తీసిన నీటి బకెట్‌లో రెండుసార్లు నొక్కితే చాలేది. స్పాంజికి పట్టిన ఆ గోధుమరంగు మురికిలో సగం ఆస్తే. కాపురం మళ్లీ మొదటికొచ్చింది. ఈసారి రోజూ పావువంతు నీరు మార్చి, క్లోరిన్ విరిచే మందు కలిపి, మేత తగ్గించి చేపలను గట్టెక్కించారు. తమ చేతి చలవేనని చెప్పుకున్నారు.

మే నెలలో చేపలు పిల్లల చప్పట్ల మధ్య పీపాకు వెళ్లాయి. స్పాంజి గ్యారేజీలో పెయింటు డబ్బాల వెనక్కి చేరింది. పీపాలో ఓ మూల తడిగా ఉంచినా దానిలోని ప్రాణం నిలిచేది. గ్యారేజీలో మొదట అంచులు ఆరాయి, తర్వాత నడిమధ్య. చివరికి చెరువు వాసన కూడా పోయింది. జూన్, జూలై, ఆగస్టు ఎవరూ ఆ వైపు రాలేదు. అక్టోబరులో ఎవరో దుమ్ము దులిపి, పాతదే పనికొస్తుందిలే అని, మళ్లీ తొట్టిలో దించారు. రంగు మాసినదే గానీ, లోపల అది కొత్త స్పాంజి.