జామైన రోడ్డును ఇంకా ఇరుకు చేయండి

రోడ్డు మీద బండ్లు కదలడం లేదా? దాన్ని వెడల్పు చేయకండి. ఉన్న రోడ్డులోనే కార్ల నుంచి ఒక వరుస తీసుకుని బస్సుకివ్వండి. వినగానే తలతిక్క సలహా అనిపిస్తుంది. అయినా నా మాట అదే.

వెడల్పు చేస్తే ఏమవుతుందో అమెరికాలోని హ్యూస్టన్‌ను చూడండి. అక్కడి కేటీ ఫ్రీవేని 2008 నాటికి, సర్వీసు రోడ్లతో కలిపి, కొన్నిచోట్ల 26 వరుసల దాకా పెంచారు. 2011 నుంచి 2014 లోపే సాయంత్రం ప్రయాణానికి పట్టే సమయం ఒకటిన్నర రెట్లయింది. పిండి కొద్దీ రొట్టె అన్నట్టు, రోడ్డు కొద్దీ బండ్లు. దారి ఖాళీగా ఉందని తెలిస్తే నిన్నటిదాకా బస్సెక్కినవాళ్లు కారు తీస్తారు, ఊరికి దూరంగా ఇల్లు కొంటారు. హైదరాబాద్‌లో 2009లో పి.వి. నరసింహారావు ఎక్స్‌ప్రెస్‌వే కట్టాం. పదకొండున్నర కిలోమీటర్లు పైన సాఫీగా వచ్చినా, మెహదీపట్నంలో దిగాక మళ్లీ కింది ట్రాఫిక్‌లో కలవాల్సిందే కదా!

ఇంకో సలహా. ఫ్లైఓవర్ పాతబడితే, మరమ్మతుకు ముందు కూల్చేయడం గురించి ఆలోచించండి. సియోల్ ఆ పని చేసింది. చెంగ్యెచన్ వాగు మీదుగా వెళ్లే ఎలివేటెడ్ రోడ్డును 2003లో కూల్చడం మొదలుపెట్టి, 2005లో వాగును జనానికి అప్పగించింది. ఊరు స్తంభించలేదు. ఎందుకంటే ఆ పనులు సాగుతుండగానే, 2004 జులైలో, బస్సులకు రోడ్డు నడుమ ప్రత్యేక లేన్లు పెంచి, బస్సు మారినా, మెట్రో ఎక్కినా మళ్లీ మొదటి నుంచి చార్జీ కట్టే పనిలేకుండా చేశారు. కూల్చి ఊరుకుని ఉంటే జనం తిట్టిపోసేవాళ్లే.

కొత్త ఏసీ బస్సులు కొనడానికి ముందు బస్టాపు ఖాళీ చేయించండి. మన దగ్గర రద్దీగా ఉండే ఏ స్టాపులోనైనా చూడండి. షెల్టర్ ముందు ఆటోలు, వాటి పక్కన బైకులు, ఆ మూల మిర్చీ బండి. బస్సు నడిరోడ్డు మీద ఆగక ఎక్కడ ఆగుతుంది? ఒక పెద్దామె కూరల సంచి చంకలో ఇరికించుకుని, కడ్డీ పట్టుకుని కాలు కిందికి దించుతుంది. ఎడమ పక్క సందులోంచి బైకొకటి దూసుకొస్తుంది. దించిన కాలు పైకి లాక్కుంటుంది. ఆమె దిగేదాకా బస్సు కదలదు, వెనక కార్లు హారన్లు మోగిస్తాయి. ఆ హారన్లు విన్నప్పుడల్లా నాకు ఒళ్లు మండుతుంది. షెల్టర్ ముందు బస్సు పట్టేంత మేర బండ్లు నిలపనివ్వకపోతే ఆమే క్షేమంగా దిగుతుంది, ఆ కార్లూ కదులుతాయి. దీనికి కాంక్రీటు అక్కర్లేదు, రోజూ ఒక కానిస్టేబుల్ నిలబడితే చాలు.

బస్ లేన్ వేశాక అది ఖాళీగా కనబడుతుంది. ఖాళీగానే ఉండనివ్వండి. ఢిల్లీలో 2008లో ప్రారంభించిన బస్ కారిడార్‌ను కార్లవాళ్ల గోల నడుమ 2016లో తీసేశారు. లెక్క వేయండి: నిమిషానికో బస్సు, బస్సుకు 60 మంది చొప్పున గంటకు 3,600 మంది. సిగ్నళ్లున్న రోడ్డులో ఒక వరుసలో గంటకు వెయ్యి కార్లు పోవడమే కష్టం. ఒక్కో కారులో ఉండేదేమో ఒకరో ఇద్దరో.

తెలంగాణలో 2023 డిసెంబరు నుంచి ఆర్టీసీ ఆర్డినరీ, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకు ప్రయాణం ఉచితం. బస్సుల్లో కాలు పెట్టే చోటు లేదని వాళ్లను విసుక్కోకండి. ఇంతమంది బస్సు కోసం వస్తున్నారంటే ఇంకా బస్సులు కావాలని అర్థం. ఆ బస్సుల కోసమే గట్టిగా అడగండి.

రేపు ఓట్లకు వచ్చిన నాయకుడు మీ కూడలికి ఫ్లైఓవర్ తెస్తానంటే వద్దనండి. మీ కాలనీకి వచ్చే బస్సు నంబరెంత, మొదటిది ఎన్నింటికి, ఆఖరిది ఎన్నింటికి, మధ్యలో ఎన్ని నిమిషాలకొకటి? ఈ నాలుగూ కాగితం మీద రాసి సంతకం పెట్టమనండి.