చెప్పుకోవడానికి ఆడిన ఆట

గోల్ఫ్‌లో దొంగలు రెండు రకాలు. హ్యాండిక్యాప్‌ని కావాలని పెంచుకుని పందేలు గెలిచేవాళ్లు మొదటి రకం. వాళ్లకి కనీసం టిఫిన్ ఖర్చన్నా గిట్టుబాటవుతుంది. హ్యాండిక్యాప్‌ని తగ్గించి చూపించుకుని, ప్రతి పందెంలోనూ డబ్బు వదిలించుకుని, పైగా మీసం మెలేసేవాళ్లు రెండో రకం. నేను ఆ రెండో రకం.

ఆట తెలియనివాళ్ల కోసం ఒక ముక్క చెప్పాలి. పార్ మీద, అంటే కోర్సుకి నిర్ణయించిన దెబ్బల మీద, మనకి మామూలుగా ఎన్ని దెబ్బలు ఎక్కువ పడతాయో స్థూలంగా చెప్పే అంకె హ్యాండిక్యాప్. ఇప్పుడు ప్రపంచమంతా ఒకటే పద్ధతి: చివరి 20 రౌండ్లలో మేలైన 8 తీసి లెక్క కడతారు. నా అంకె 16. అది ఎలా వచ్చిందో నాకూ, గోల్కొండ నయా ఖిలా కోర్సులో నాతో ఆడే బృందానికీ తెలుసు. గుంతలోకి నెట్టే పట్ నాలుగడుగులు మిగిలితే “తీసేయ్ అన్నా, ఎలాగూ పడుద్ది” అంటారు. మొదటి బంతి పొదల్లోకి పోతే “నిద్రమత్తులే, ఇంకోటి కొట్టు” అంటారు. మరీ పాడుగా ఆడిన రోజు కార్డు ఇవ్వకుండా జేబులో దాచుకునే తెలివి మాత్రం అచ్చంగా నాదే.

లండన్‌లో ఉన్న మా అల్లుడు, షష్టిపూర్తి కానుకగా ఎక్కడ ఆడాలనుంటే అక్కడ ఆడిస్తానన్నాడు. మధ్యధరా తీరం పొడుగునా నాలాంటివాళ్లని దృష్టిలో పెట్టుకుని కట్టిన రిసార్టు కోర్సులు కోకొల్లలు. టర్కీలో బెలెక్ ఉంది, సైప్రస్ ఉంది, గ్రీసు ఉంది. ఎటు కొట్టినా బంతి దొరుకుతుంది, సాయంత్రం సముద్రంలో కాళ్లు పెట్టుకుని కూర్చోవచ్చు. మా ఆవిడ ఓటు వాటికే. నేను మాత్రం తడుముకోకుండా “వాల్డెరామా” అన్నాను. అక్కడ ఆడాలన్న కోరిక కన్నా, అక్కడ ఆడానని చెప్పుకోవాలన్న కోరికే బలంగా ఉండేదని ఇప్పుడు ఒప్పుకుంటున్నాను.

వాల్డెరామా స్పెయిన్ దక్షిణపు కొసన, జిబ్రాల్టర్‌కి దగ్గర్లో, సోటోగ్రాందే అనే విడిదిపట్నంలో ఉంది. 1974లో రాబర్ట్ ట్రెంట్ జోన్స్ గీసిన కోర్సు. బొలీవియా తగరం గనుల సంపదకి వారసుడైన హైమె ఓర్తిస్ పటీన్యో 1980లలో మిత్రులతో కలిసి దాన్ని కొని, మళ్లీ అదే జోన్స్ చేత దిద్దించాడు. 1997లో రైడర్ కప్ అక్కడ జరిగింది. బ్రిటన్, అమెరికాల గడప దాటి ఆ పోటీ మరో దేశంలో జరగడం అదే మొదటిసారి. సెవె బాలెస్టెరోస్ కెప్టెన్‌గా యూరప్ జట్టు 14½–13½తో గట్టెక్కింది. ఇదంతా నేను కంఠతా పట్టాను. కోర్సు గురించి అంతా చదివాను గాని, అది ఎవరి ఆటకి సరిపడే కోర్సో ఒక్కసారీ ఆలోచించలేదు.

హ్యాండిక్యాప్ సర్టిఫికెట్ చూపిస్తేనే బయటివాళ్లని ఆడనిస్తారు. నా 16ని ఠీవిగా చూపించి, ఛాంపియన్లు ఆడే వెనక టీల నుంచి కొడతానన్నాను. అక్కడి నుంచి కోర్సు పొడవు 7,000 గజాలకి కాస్త తక్కువ. అక్కడున్నాయన కాగితం చూసి, నన్ను చూసి, మర్యాదగా ముందు టీల వైపు చెయ్యి చూపించాడు. ఆ చెయ్యి నా మేలుకోరి లేచిందని నాకు తట్టలేదు. అవమానం జరిగిందనుకున్నాను. ఆ కసితో సంచీలోంచి డ్రైవర్ అనే పెద్ద కర్ర తీసినవాణ్ని, ఇక దాన్ని లోపల పెట్టలేదు.

వాల్డెరామాలో బలానికి పెద్ద గిరాకీ లేదు. ఫెయిర్‌వేలు సన్నం, గ్రీన్‌లు చిన్నవి. రెండు పక్కలా బెరడు ఓక్ చెట్లు కొమ్మలు చాపుకుని ఉంటాయి. బంతి ఫెయిర్‌వే మీదే పడ్డా, తప్పు వైపు పడితే ముందు కొమ్మ అడ్డొస్తుంది. రెండో హోల్‌కి పేరే ‘ఎల్ ఆర్బొల్’, అంటే చెట్టు. ఫెయిర్‌వే నడిమధ్యన ఒక ఓక్ నిలబడి ఉంటుంది. క్యాడీ ఐరన్ అందించి, చెట్టుకి ఇవతలే ఆగమని సైగ చేశాడు. నేను చెట్టు మీదుగా కొడతానని ఆకాశం వైపు వేలు చూపించాను. అతను ఇంకేం మాట్లాడలేదు.

సీసా బిరడాలు ఆ ఓక్‌ల బెరడుతోనే చేస్తారు. తొమ్మిదేళ్లకోసారి చేత్తో గొడ్డలి పట్టి ఒలుస్తారట. ఒలిచిన కొత్తల్లో మాను ఇటుక రంగులో ఉంటుంది, ఏళ్లు గడిచేకొద్దీ నల్లబడుతుంది. ఇంత వివరంగా ఎందుకు చెప్పగలుగుతున్నానంటే, ఆ రోజు ఆ చెట్ల మొదళ్ల దగ్గర గడిపినంతసేపు ఫెయిర్‌వే మీద గడపలేదు కాబట్టి. మన వేప చెట్టుకి తగిలిన బంతి ఠంగున ఎటో అటు ఎగిరిపోతుంది, అదృష్టం బాగుంటే గ్రీన్ వైపే పోతుంది. బెరడు మందంగా ఉన్న చెట్టుకి తగిలితే దుబ్బుమని మొదట్లోనే పడుతుంది. మా అల్లుడికి ఆట రాదు. “మొత్తం వీడియో తియ్యి, క్లబ్బులో చూపించాలి” అని పురమాయించింది నేనే. అయిదారు హోల్స్ అయ్యాక పాపం మెల్లగా అడిగాడు: “మామయ్యగారూ, ఆపమంటారా?”

మాకు జతగా ఒక డేనిష్ ముసలావిడ వచ్చింది. డెబ్బై దాటి ఉంటుంది. సంచీలో సగం కర్రలే ఉన్నాయి. ప్రతి బంతీ తిన్నగా, కొద్ది దూరమే కొట్టేది. సముద్రం వైపు నుంచి లెవాంతె అనే తూర్పుగాలి లేస్తే ఇంకాస్త కిందుగా కొట్టేది. నేను చెట్లలో వెతుక్కుంటుంటే ఎండలో ఓపిగ్గా నిలబడేది. “నువ్వు బలంగా కొడతావు” అంది ఒకసారి. దాన్ని మెచ్చుకోలు కింద జమ కట్టుకున్నాను.

ఇక పదిహేడో హోల్. నేను అంత దూరం వెళ్లింది దీని కోసమే. పార్ 5. రైడర్ కప్‌కి ముందు సెవె దీన్ని తిరగరాసి, గ్రీన్ ముందు చెరువు పెట్టించాడు. చెరువు వైపు గట్టు నున్నగా కోసి ఉంటుంది, వెనక్కి జారిన బంతి ఆగదు. 1999లో ప్రపంచ పోటీ చివరి రోజున టైగర్ వుడ్స్ బంతి గ్రీన్ మీద పడి, వెనక్కి జారి, ఆ గట్టు మీదుగా నీళ్లలోకి దొర్లింది. ఆ హోల్‌కి ఎనిమిది పడ్డాయి. తర్వాత ప్లేఆఫ్‌లో మిగెల్ ఆంజెల్ హిమేనెజ్‌ని ఓడించి కప్పు గెలిచాడనుకోండి. నాకు కావలసింది ఆ ఎనిమిదే. టైగర్ పడ్డ చోట నేను దాటితే, నయా ఖిలాలో ఆ కథ ఎన్నేళ్లు నడుస్తుందో ముందే లెక్క వేసుకున్నాను.

విచిత్రంగా మొదటి రెండు దెబ్బలూ బాగా పడ్డాయి. నాకు చేటు తెచ్చింది అవే. చెరువు దాటాలంటే బంతి గాలిలో 170 గజాలు ఎగరాలి. ముసలావిడ నీళ్లకి బాగా ఇవతలే ఆగింది. క్యాడీ నాకూ అదే చెప్పాడు. నేను ఐదో నంబర్ ఐరన్ అడిగాను. ఒకప్పుడు డిసెంబరు పొద్దున, వెనక గాలి తోస్తుంటే, ఎండిన నేల మీద నా ఐదో ఐరన్ అంత దూరం దొర్లింది. అప్పట్నుంచి నా లెక్కలో దాని దూరం అదే. జీవితంలో ఒక్కసారి కుదిరినదాన్ని రోజువారీ జీతం అనుకుని ఖర్చు పెట్టేవాణ్ని ఏమంటారో, నన్నూ అదే అనాలి.

బంతి చెరువు మధ్యలో పడింది. నిబంధన ప్రకారం ఒక దెబ్బ శిక్ష పడుతుంది. కావాలంటే వెనక్కి వెళ్లి సులువైన దూరం నుంచి కొట్టుకోవచ్చు. నేను వెళ్లలేదు. అక్కడే నిలబడి, అదే ఐరన్‌తో మళ్లీ కొట్టాను. బంతి మార్చాను గాని బుద్ధి మార్చలేదు. ఎన్ని మునిగాయో వీడియో చూస్తే తెలుస్తుంది, నేను చూడలేదు. హ్యాండిక్యాప్ కార్డు మీద ఒక హోల్‌కి నెట్ డబుల్ బోగీ అనే హద్దు మించి రాయనక్కర్లేదన్న నియమం ఒకటుంది. నాలాంటివాళ్ల ముఖం చూసే పెట్టి ఉంటారు.

ముసలావిడ ఆరుతో ముగించి, నేను ఎట్టకేలకి గ్రీన్ చేరేదాకా జెండా పట్టుకుని నిలబడింది. మీరెందుకు దాటించే ప్రయత్నం చెయ్యలేదని అడిగాను. “నా బంతి ఎంత దూరం పోతుందో నాకు తెలుసు” అంది. ఆవిడ గొప్పగానూ అనలేదు, ఎత్తిపొడుపుగానూ అనలేదు. అంతకన్నా గట్టిగా నన్నెవరూ తిట్టలేదు.

ఇంటికొచ్చాక బుద్ధిమంతుణ్ని అయిపోయి, నాలుగడుగుల పట్‌లు కూడా పూర్తిగా కొట్టి, చెడ్డ కార్డులు కూడా ఇవ్వడం మొదలుపెట్టాను. పాత మంచి కార్డులు ఒక్కొక్కటే లెక్కలోంచి జారిపోయి, నా హ్యాండిక్యాప్ 23కి చేరింది. దాంతో పందేల్లో నాకు అదనంగా దెబ్బలు కలిసొస్తున్నాయి, గెలుస్తున్నాను. ఇన్నాళ్లూ దొంగ 16ని నెత్తిన పెట్టుకున్న ఆ మిత్రబృందమే ఇప్పుడు “పందేల కోసం పెంచుకున్నావు కదన్నా” అంటోంది. నిజాయితీగా ఆడినందుకు నన్ను మొదటి రకం దొంగల్లో చేర్చేశారు.

టైగర్ బంతి పడ్డ నీళ్లలోనే నా బంతీ పడిందని మాత్రం ఇప్పటికీ అందరికీ చెబుతున్నాను. అతని బంతి గ్రీన్ దాకా వెళ్లి వెనక్కొచ్చింది, నాది అసలు చేరలేదు అన్న ముక్క కూడా కలుపుతాను, ఎవరైనా గుచ్చి గుచ్చి అడిగితే. వీడియో సంగతి ఎత్తితే అల్లుడి ఫోన్‌లో ఉండిపోయిందంటాను. అది ఎప్పుడో నా ఫోన్‌కి కూడా పంపాడు.