‘సారూ, జర కూసో’: టీకా తాత్పర్య సహితం

మూలం: "సారూ, జర కూసో. కాళ్లు గుంజుతలేవా?"

అవతారిక: హైదరాబాదులో, మూసీ దక్షిణపుటొడ్డున, సాలార్‌జంగ్ మ్యూజియంలో మధ్యాహ్నం పన్నెండు కావస్తున్నది. కలకత్తా కుక్ అండ్ కెల్వీ వారి సంగీత గడియారం ముందు జనం కిక్కిరిసి కూర్చున్నారు. బొమ్మ మనిషి ఎప్పుడు బయటికొస్తాడా, గంట ఎప్పుడు కొడతాడా అని అందరి చూపూ అటే. అట్టి వేళ గైడు పాదాల వంక చూసి ఒక పెద్దమనిషి పలికిన వాక్యమిది. వక్త జనగామ వైపు వడ్రంగి. శ్రోత ఈ టీకాకారుడైన గైడే. వారి స్నేహానికి ఈ వాక్యమే నాంది.

ప్రతిపదార్థం: సారూ = పొద్దుటి నుంచి గొంతు చించుకొనుచున్న ఓ గైడూ; జర = గంట మోగులోపల; కూసో = నేను జరిగి ఇచ్చిన జాగాలో కూర్చుండుము; కాళ్లు = మమ్ము గదిగదికీ తిప్పిన నీ పాదములు; గుంజుతలేవా = నొప్పి పుట్టుట లేదా? పుట్టుచున్నవని భావము.

తాత్పర్యం: ఓ గైడూ! బెంజోనీ చెక్కిన రెబెక్కా మేలిముసుగు సైతం పాలరాయేనని చెప్పితివి. 1876లో మొదటి సాలార్‌జంగ్ ఆమెను రోములో కొనెనని చెప్పితివి. వింటిమి. ఇక కూర్చుండుము.

విశేషాలు: పిలుపులో మర్యాద, క్రియలో చనువు. ఛందస్సు మెట్లెక్కిన ఆయాసం. యతి దగ్గు వచ్చినచోట.

శంక: కూర్చోమన్నంత మాత్రాన స్నేహమగునా? బస్సులో జరిగి చోటిచ్చిన వారందరూ మిత్రులేనా?

సమాధానం: దీనికి పూర్వరంగం కలదు. ఒకే సికమోర్ దుంగలో ముందువైపు మెఫిస్టోఫిలిస్, వెనకవైపు మార్గరెట్టా ఉన్న జంట బొమ్మ దగ్గర అందరూ వెనకవైపు చూపే అద్దంలోకి తొంగిచూస్తుంటే, ఈయన వంగి కర్రను చూశాడు. "చెక్కేముందు ఎన్నేండ్లు ఆరబెట్టిండ్రు సారూ?" అన్నాడు. ఖరీదెంత, బాత్‌రూమ్ ఎటు అన్న ప్రశ్నలకు అలవాటుపడిన గైడు తెల్లమొహం వేశాడు. అప్పుడాయనే చెప్పాడు: పచ్చి కర్ర మీద ఉలి సాఫీగా దిగుతుంది, కానీ పైభాగం ముందు ఆరి, నడుమ తడి నిలిస్తే కర్ర పగులుతుంది. ఆ క్షణాన గైడు శిష్యుడైనాడు. శిష్యుడి కాళ్లనొప్పి గురువు కంట పడుట సహజమే.

ఉత్తరకథ: మూలంలో లేనిది రాయనన్న వ్యాఖ్యాత మల్లినాథసూరి నియమాన్ని ఇక్కడ దాటక తప్పదు. గేటు బయట ఇరానీ చాయ్ తాగారు. డబ్బులు ఆయనే ఇచ్చాడు. ఏటా దసరాకు ఫోన్ చేస్తాడు. గైడు ఇప్పుడు జంట బొమ్మ దగ్గర "ముందు కర్ర చూడండి, తర్వాత అద్దం" అంటున్నాడు.

ఫలశ్రుతి: ఇది చదివినవారు మ్యూజియానికి వెళ్లినప్పుడు తమ చేతిపనికి సంబంధించిన ప్రశ్న ఒకటైనా గైడును అడుగుదురు గాక. శుక్రవారం మాత్రం వెళ్లకండి. ఆ రోజు సెలవు.