కారంలో సర్టిఫికేషన్

మొత్తానికి సైబరాబాద్‌కి కారం తినడం వచ్చేసిందట. హోటళ్ల కారం పోటీల్లో లెవెల్ ఒకటితో మొదలెట్టి, మెట్టు మెట్టూ ఎక్కి, లెవెల్ ఐదు దగ్గర నీళ్లు, పాలు, పెరుగు ముట్టకుండా నూడుల్స్ గిన్నె ఖాళీ చేస్తే గోడ మీద ఫొటో, ఫోన్లో రీలు. జావా, క్లౌడ్ అయిపోయాక మిగిలిన సర్టిఫికేషన్ ఇదే కాబోలు. గుంటూరు నుంచీ ఖమ్మం నుంచీ వచ్చి మాదాపూర్‌లో ఉద్యోగం చేస్తున్న పిల్లలకి కారం అలవాటు చేసే కోర్సు!

ఇందులో నాకు అన్నిటికంటే ముచ్చటేసేది పుర్రె బొమ్మ ఉన్న సాసు సీసా మీది అంకె. ఇన్ని లక్షల స్కోవిల్లులని దాన్ని జీతం ప్యాకేజీలా చెప్పుకుంటున్నారు. 1912లో విల్బర్ స్కోవిల్ అనే అమెరికన్ ఫార్మసిస్టు మిరప సారాన్ని పంచదార నీళ్లలో పలచన చేస్తూ, రుచి చూసేవాళ్లకి మంట తెలియకుండా పోయేదాకా వెళ్లాడు. ఎన్ని రెట్లు పలచనైతే అంత అంకె. ఇప్పుడు యంత్రాలు కాప్సైసిన్‌ని కొలిచి అదే లెక్కలోకి మారుస్తున్నాయి. ఆ అంకె చెప్పేది మంట ఒక్కటే, రుచి ఊసే ఉండదు. 2023లో గిన్నిస్‌కెక్కిన పెప్పర్ ఎక్స్ సగటున 26,93,000. మన గుంటూరు సన్నం నలభై వేల దగ్గరే ఆగిపోతుంది. అయితే పెప్పర్ ఎక్స్ మన సన్నం కంటే అరవై, డెబ్బై రెట్లు బాగుంటుందా? ఉప్పు కషాయమైన పులుసుని ఎవరైనా అన్ని రెట్లు మెచ్చుకుంటారా?

మిరప మాత్రం మనదా, పోర్చుగీసువాళ్లు తెచ్చిందే కదా అంటారు. నిజమే, అంతకుముందు మిరియాలతోనే గడిచింది. కానీ వచ్చిన కాయని చింతపండుతో, గోంగూరతో, ఆవపిండితో కూర్చి మనం వంట చేశాం. కాప్సైసిన్ నీళ్లలో సరిగా కరగదు, కొవ్వులో కరుగుతుంది. ఆవకాయకి నూనె, ముద్దపప్పు, నెయ్యి, చివర పెరుగు ఊరికే రాలేదు. పసివాళ్లకి ముక్క కడిగి పెట్టి మెల్లగా అలవాటు చేసిన పద్ధతి అది. పాలు, పెరుగు ముట్టకూడదనే పోటీ సరిగ్గా ఆ తెలివినే నిషేధించింది. విదేశీ సాసని కాదు నా గొడవ. వియత్నాం నుంచి శరణార్థిగా వెళ్లిన డేవిడ్ ట్రాన్ అమెరికాలో చేసిన శ్రీరాచాలో వెల్లుల్లి, పులుపు, తీపి ఉన్నాయి. అది తినే వస్తువు. ఇక మంట తింటే హాయినిచ్చే ఎండార్ఫిన్లు వస్తాయంటారా? ఒంటికి నొప్పి పుడితే వచ్చేవే అవి.

మిరప ప్రేమికులమని చెప్పుకుంటారుగా, మిరపంటే అంత ప్రేమా? 2017లో ధర కుప్పకూలి ఖమ్మం మార్కెట్లో రైతులు తిరగబడితే బేడీలు వేసి కోర్టుకి తీసుకెళ్లారు. పండించినవాడి చేతికి బేడీలు! 2025లో మళ్లీ ధర పడితే కేంద్రం ఆంధ్ర మిర్చికి క్వింటాకి 11,781 రూపాయలని తేల్చింది. కిలోకి 118 కూడా లేదు. లెవెల్ ఐదు గిన్నె ధర దానికి ఎన్ని రెట్లో మెనూలో చూసుకోండి. రైతుకీ దీనికీ సంబంధమేంటని అడగొద్దు. మిరప ప్రేమికులమని చాటుకున్నది మీరే. ఆ ప్రేమ మిర్చి మార్కెట్ యార్డు గేటు దాకా ఎప్పుడైనా వచ్చిందా?

ఇదంతా సరదాకేగా అన్నది వాళ్ల చివరి మాట. అమెరికాలో 2023లో ఒక్క చిప్ తినే పోటీలో పద్నాలుగేళ్ల పిల్లాడు చనిపోయాడు. శవపరీక్షలో అధిక కాప్సైసిన్‌తో పాటు పుట్టుకతో వచ్చిన గుండె లోపం కూడా తేలింది. తమ గుండె సంగతి ముందే తెలిసినవాళ్లు ఎందరు? అంత సరదా అయితే, ఏం జరిగినా మాకు బాధ్యత లేదని తినేముందు సంతకం ఎందుకు చేయించుకుంటున్నట్టు?