నిశ్శబ్దంగా కేకు చేయు విధానం

తెల్లవారుజామున లేచి, బాల్కనీలో పిట్టల కూతలు వింటూ, ఇంటిల్లిపాదీ కలిసి కేకు చేసుకుంటే మనసుకు ఎంతో హాయిగా ఉంటుందని ఆదివారం అనుబంధాలు, ఫోన్లలో తిరిగే రీళ్లు కొంతకాలంగా అదే పనిగా బోధిస్తున్నాయి. ఉదయం, నిశ్శబ్దం, కుటుంబం, కేకు అనే నాలుగింటినీ ఒకే పూటలో ఇమిడ్చేయవచ్చునన్న ధీమా ఈ బోధనలో కనిపిస్తుందే తప్ప, చక్కెరను పొడి చేయవలసి ఉంటుందన్న స్పృహ ఎక్కడా కనిపించదు. బజారు చక్కెర పలుకులు వెన్నలో ఒక పట్టాన కరగవు గనుక మిక్సీని ఆశ్రయించక తప్పదు; మిక్సీ అనగా నిమిషానికి దాదాపు 18,000 సార్లు తిరిగే మోటారు మీద స్టీలు జారు బిగించిన గృహోపకరణం. ఉదయం 5 గంటలకు దాని మీట తిప్పిన మరుక్షణం నాలుగింటిలో ఒకటి రద్దవుతుంది, పక్క ఫ్లాట్లలో లైట్లు వెలుగుతాయి.

సంప్రదాయజ్ఞులు ఈ వేళను బ్రాహ్మీ ముహూర్తమంటారు. ముహూర్తమంటే 48 నిమిషాలు. సూర్యోదయానికి 96 నిమిషాల ముందు మొదలై 48 నిమిషాల ముందు ముగిసే ఈ కాలం హైదరాబాదులో జనవరి నెలలో 5 గంటలు దాటాక గాని రాదు, మే నెలాఖరుకు 4 గంటల ప్రాంతానికే వచ్చేస్తుంది. ధ్యానానికీ అధ్యయనానికీ ఇంతకన్న అనువైన వేళ లేదని పెద్దలు అన్నది నిజమే కాని, సంపులోంచి ట్యాంకుకు నీళ్లెక్కించే మోటారును వాచ్‌మన్ కూడా ఈ వేళకే వేస్తాడన్నది వారి కాలంలో లేని విశేషం. ఇక పాలప్యాకెట్లు వేసే కుర్రవాడు నాలుగో అంతస్తులో లిఫ్టు తలుపు ఓరగా వదిలి వెళ్లగా, దయచేసి తలుపు వేయమని అందులోని స్త్రీ కంఠం అలసట ఎరుగక వేడుకుంటూ ఉంటుంది. 2000 సంవత్సరపు శబ్దకాలుష్య నిబంధనలు నివాస ప్రాంతాల్లో రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా 45 డెసిబెల్స్ హద్దు విధించాయి. లిఫ్టుకు ఆ సంగతి ఎవరూ చెప్పినట్టు లేదు.

ప్రకృతి వంతు కోకిలది. అది పంచమ స్వరంలో కూస్తుందని సంగీత శాస్త్రకారులు నిర్ణయించారు. ఆ కూసేది నల్లని మగపక్షి అనీ, ఒంటినిండా చుక్కలున్న ఆడపక్షి కాకిగూట్లో గుడ్డు పెట్టే ప్రయత్నంలో ఉంటుందనీ, ఆ పిల్లను మేపే భారం చివరకు కాకి మీద పడుతుందనీ పక్షిశాస్త్రం చెబుతుంది. కీర్తి మాత్రం కూసినవాడికే దక్కింది.

ఇక్కడ కుక్కరు రబ్బరు గురించి కొంత విపులంగా చెప్పుకోవలసి ఉంది. ఓటీజీ, అనగా ఓవెన్, టోస్టర్, గ్రిల్ అనే మూడు పనులూ చేసే కరెంటు పెట్టె, లేని ఇళ్లలోనూ, ఉన్నా బిల్లుకు జడిసి దాన్ని అట్టపెట్టెలోంచి తీయని ఇళ్లలోనూ కేకు ప్రెషర్ కుక్కరులోనే తయారవుతుంది. అడుగున జల్లించిన ఇసుక గాని కల్లుప్పు గాని పోసి, పైన చిన్న స్టాండు నిలిపి, పిండి గిన్నెను దానిమీద ఉంచి, నీళ్లు పోయకుండా, విజిల్ పెట్టకుండా, మూత రబ్బరు తీసివేసి, సన్నని సెగ మీద ముప్పావుగంట వదిలేస్తారు. నీళ్లున్న కుక్కరులో వేడి 120 డిగ్రీల దరిదాపుల్లో ఆగిపోతుంది, పొడి కుక్కరులో అంతకు చాలా పైకి పోతుంది; ఆ సెగకు రబ్బరు చెడిపోతుంది గనుక తీయడం సబబే. లోపమల్లా, తీసిన రబ్బరును ఎక్కడ పెట్టాలో ఏ వంటల పుస్తకమూ చెప్పకపోవడంలో ఉంది.

తీసిన రబ్బరు మొదట గట్టు మీద ఉంటుంది. మైదా డబ్బాకు చోటు కావలసి వచ్చినప్పుడు కిటికీ చువ్వకు ఎక్కుతుంది. అక్కడి నుంచి ఇంట్లోని పసివాడి చేతికి దిగి, కొంతసేపు ఆర్టీసీ బస్సు స్టీరింగుగా సేవలందించి, ఆ బస్సు సోఫా కిందికి వెళ్లాక దాని చరిత్ర అంధకారబంధురమవుతుంది. ఈ లోటు ఆదివారమంతా ఎవరికీ తెలియదు. సోమవారం పొద్దున కందిపప్పు పెట్టి, విజిల్ కోసం చెవులు రిక్కించి కూర్చుంటే, ఆవిరి మూత అంచుల వెంట బుసబుసమంటూ పోతున్నప్పుడు తెలుస్తుంది. అప్పుడు సొరుగులోని పాత రబ్బరును వెలికితీస్తారు. అది సాగిపోయి మూతలో నిలవదు గనుక, కాసేపు ఫ్రీజరులో పెడితే బిగుసుకుంటుందన్న గృహవైద్యాన్ని ఎవరో ఒకరు గుర్తుచేస్తారు. వైద్యం పనిచేస్తుంది కాని, ఒకటి రెండు విజిళ్ల దాకానే. కొత్తది కొందామని స్టీలు సామాన్ల కొట్టుకు వెళ్తే, మూడు లీటర్లదా అయిదు లీటర్లదా, మూత లోపలికి దిగేదా పైన కూర్చునేదా, ఏ కంపెనీది అని వరుసగా అడిగి, ఎందుకొచ్చిన గొడవ, పాతది పట్టుకురండి అంటాడు కొట్టతను. పాతది దొరికితే కొట్టుకు రావలసిన పనే లేదన్న తర్కం గల్లాపెట్టె దగ్గర చెల్లదు. పోయిన వస్తువును నమూనాగా చూపిస్తే తప్ప కొత్త వస్తువు లభించని ఈ వ్యవస్థ మీద అర్థశాస్త్ర విభాగాలు ఇంకా దృష్టి పెట్టకపోవడం విచారకరం.

కుటుంబం కలిసి చేయడమన్నది కూడా పరిశీలించదగిన విషయమే. వంటసోడా, అనగా సోడియం బైకార్బొనేట్, పెరుగులోని పులుపు తగలగానే కార్బన్ డయాక్సైడు వాయువును వదులుతుంది. ఆ బుడగలే పిండిని పొంగిస్తాయి గనుక కలిపిన వెంటనే గిన్నెను పొయ్యి ఎక్కించాలి. సరిగ్గా ఆ క్షణంలోనే గృహస్థు ఫొటో తీస్తానంటాడు. వెలుతురు చాలదని గిన్నెను బాల్కనీలోకి తెప్పించి, పక్కన తులసికోట కూడా పడాలని కోణం మార్చి, పిల్లల జుట్టు సరిచేయించి తీసిన ఫొటోలో అందరూ నవ్వుతూనే ఉంటారు, వాయువు మాత్రం గాలిలో కలిసిపోతుంది. అనంతరం పిల్లలు గరిటెకు అంటిన పిండిని నాకడంలోనూ, గృహస్థు ఉదయపు ప్రశాంతతను గురించి బంధువుల గ్రూపులో నాలుగు వాక్యాలు రాయడంలోనూ నిమగ్నులవుతారు. ఆ వాక్యాల్లో కోకిల ఉంటుంది, మిక్సీ ఉండదు. అదే సమయంలో ఇల్లాలు ఒక చేత్తో పొయ్యి సెగ తగ్గిస్తూ, మరో చేత్తో ఇడ్లీ పాత్ర కడుగుతూ ఉంటుంది. కేకు ఉదయపు టిఫిను కాదన్న విషయంలో ఇంటి పెద్దలకు ఏకాభిప్రాయం ఉంది.

ఆరున్నరకు పనిమనిషి వస్తుంది. ఆమె లేచింది కూడా బ్రాహ్మీ ముహూర్తంలోనే. అన్నం, కూర వండి, పిల్లల డబ్బాలు కట్టి, రెండు బస్సులు మారి వస్తుంది కాని, ఆ వేళకు లేచినందుకు ఆమెను ఎవరూ మెచ్చుకోరు, ఆ చీకట్లో ఏ పిట్ట కూసిందో అడగరు. సింకులో వెన్నా మైదా కలిసి అట్టకట్టిన గిన్నె, అడుగు మాడిన కుక్కరు, చక్కెర జిగురుతో బిగుసుకుపోయిన మిక్సీ జారు ఆమె కోసం ఎదురుచూస్తుంటాయి. కేకు చేసే ఆదివారం గిన్నెలు మామూలు ఆదివారం కన్న రెట్టింపు, జీతం మాత్రం అదే. ఆమె పేచీ పెట్టదు. వెళ్లేటప్పుడు రెండు ముక్కలు కవరులో పెట్టి ఇస్తే తీసుకుని, కేకు గిన్నె ఒక్కటీ కాసిని వేడినీళ్లు పోసి నానబెట్టి ఉంచండమ్మా, చేతులు పట్టేస్తున్నాయి అంటుంది. అలాగేనని అందరూ అంటారు. మళ్లీ ఆదివారం ఫొటో వెలుతురు సంగతి ఇంట్లో అందరికీ గుర్తుంటుంది, వేడినీళ్ల సంగతి ఒక్కరికీ గుర్తుండదు.