కర్నూలు సభ్యుని ఏకవాక్య చరిత్ర: టీకా తాత్పర్యం

మూలము: కర్నూలు సభ్యుఁడు సభకుం బోయి, విప్పు చెప్పినట్లు "అవు"నని, సంఘమునఁ గూర్చుండి, సంతకము చేసి, మరలి వచ్చెను.

అవతారిక: మంత్రాలయం మండలం మాధవరం మొదలుకొని ఆదోని, ఎమ్మిగనూరుల దాకా గల ఓటర్లు తమ లోక్‌సభ సభ్యుడు ఢిల్లీలో ఏం చేశాడని అడిగితే, దొరికే సమాధానం సాధారణంగా ఈ ఒక్క వాక్యాన్ని మించదు. వాక్యం చిన్నదే అయినా అర్థం గహనం కనుక టీక అవసరమైంది.

కర్నూలు సభ్యుఁడు = కర్నూలు, కోడుమూరు, పత్తికొండ, ఆలూరు, ఆదోని, ఎమ్మిగనూరు, మంత్రాలయం అనే ఏడు శాసనసభా స్థానాల సముదాయానికి ప్రతినిధి. ఇది జాత్యేకవచనం, అంటే ఒక వ్యక్తిని గాక, ఆ స్థానంలో కూర్చున్న వారందరినీ ఒక్కటిగా చెప్పడం.

సభకుం బోయి = స్పష్టం. హాజరు పట్టీ సాక్షి. సభ్యుడు మంత్రి అయితే ఆ పట్టీలో సంతకం చేయనక్కర లేదు గనుక సాక్షి కూడా ఉండదు.

విప్పు చెప్పినట్లు = ఏ వైపు ఓటు వేయాలో పార్టీ తన సభ్యులకు ఇచ్చే ఆజ్ఞకు, ఆ ఆజ్ఞ ఇచ్చే సభ్యునికి కూడా విప్ అనే పేరు. 1985లో 52వ సవరణ రాజ్యాంగానికి పదో షెడ్యూలును చేర్చిన నాటి నుంచి, ఈ ఆజ్ఞను మీరి ఓటు వేసినా, ఓటు వేయక ఊరకున్నా, పార్టీ 15 రోజులలోగా మన్నించకపోతే సభ్యత్వమే పోవచ్చు. కాబట్టి "చెప్పినట్లు" అనేది ఇక్కడ అలంకారం కాదు, వాచ్యార్థమే.

"అవు"నని = సభాపతి ప్రశ్న వేయగా ఒక వైపు నుంచి "అవును", మరో వైపు నుంచి "కాదు" అనే కేకలు లేస్తాయి; ఏ ధ్వని బలంగా వినిపించిందో ఆ పక్షం గెలిచినట్టు సభాపతి ప్రకటిస్తారు. దీనికి మూజువాణి ఓటని పేరు. ఇందులో తలలు లెక్కించరు, పేర్లు రాయరు. మూలంలో లేనిది రాయనని మల్లినాథ సూరి పెట్టుకున్న నియమం వ్యాఖ్యాతలకు శిరోధార్యమే కానీ, మూజువాణి విషయంలో మూలమే లేనందున ఆ నియమాన్ని పాటించే వ్యాఖ్యాత కలం మూసి కూర్చోవలసి వస్తుంది. ఉదాహరణ: తెలుగువారి జీవితాలను రెండు రాష్ట్రాలుగా విడదీసిన పునర్విభజన బిల్లు 2014 ఫిబ్రవరి 18న లోక్‌సభలో మూజువాణితోనే, ప్రత్యక్ష ప్రసారం ఆగిన వేళ, ఆమోదం పొందింది. ఆనాటి కర్నూలు సభ్యుడు కోట్ల జయసూర్యప్రకాశ్ రెడ్డి ఏ కేకలో గొంతు కలిపారో, అసలు కలిపారో లేదో, ఆ ఓటును బట్టి తేల్చడం ఎంతటి భాష్యకారునికీ సాధ్యం కాదు.

ఇక్కడ పూర్వపక్షం: "సభ్యుడు మీట నొక్కి ఓటు వేసే పద్ధతి లేదా?" ఉంది. మూజువాణి ఫలితాన్ని ఎవరైనా సవాలు చేస్తే డివిజన్ జరుగుతుంది. మూడున్నర నిమిషాలు గంటలు మోగాక తలుపులు మూస్తారు. అవునంటే ఆకుపచ్చ, కాదంటే ఎరుపు, తటస్థమంటే పసుపు. రాజ్యాంగ సవరణకు ప్రత్యేక మెజారిటీని అంకెల్లో చూపాలి గనుక అక్కడ డివిజన్ తప్పదు. 2023 సెప్టెంబరు 20న మహిళా రిజర్వేషన్ బిల్లుకు అనుకూలంగా 454, ప్రతికూలంగా 2 అని లెక్క తేలింది అందువల్లనే. అయితే డివిజన్‌లో పేరు నమోదైన చోట కూడా పైన చెప్పిన విప్ ఉంటుంది. లెక్కలేని ఓటులో సభ్యుడు కనబడడు, లెక్క ఉన్న ఓటులో పార్టీయే కనబడుతుంది; సభ్యుని సొంత బుద్ధిని వెదకదలచినవారు తరువాతి పదానికి పోవలసిందే.

సంఘమునఁ గూర్చుండి = పార్లమెంటరీ సంఘం. 1984 డిసెంబరు ఎన్నికల్లో తెలుగుదేశం 30 స్థానాలతో లోక్‌సభలో అతిపెద్ద ప్రతిపక్షమైంది. ఆ ముప్ఫైలో ఒకరైన కర్నూలు సభ్యుడు ఏరాసు అయ్యపురెడ్డి 1985-86లోనూ, ఆ మరుసటి ఏడాదీ ప్రజా పద్దుల సంఘానికి అధ్యక్షులు. అంటే కేంద్రం పెట్టిన ఖర్చుపై కాగ్ ఇచ్చిన నివేదికలను ముందు పెట్టుకొని, శాఖల కార్యదర్శులను సాక్షులుగా పిలిచి ప్రశ్నించే 22 మంది సంఘానికి పెద్ద. ఆ పీఠాన్ని ప్రతిపక్షానికి ఇవ్వడం 1967 నుంచి వస్తున్న సంప్రదాయం. కర్నూలు పీఠం ఢిల్లీ ఖజానాను ఇంత దగ్గరగా చూసిన కాలం అది. నియోజకవర్గంలో ఆ సంగతి చెప్పుకునేవారు అరుదు కావడం మాత్రం విచిత్రం. కారణం లేకపోలేదు. సంఘం తలుపులు మూసి సమావేశమవుతుంది, దాని నివేదికకు భిన్నాభిప్రాయ పత్రం జతచేసే వీలు లేదు, సిఫారసుపై ప్రభుత్వం ఆరు నెలల్లో జవాబు చెప్పాలే గాని దాన్ని అమలుచేసి తీరాలనే బంధం లేదు. విప్ పీడ లేని చోట సభ్యుడు స్వతంత్రుడే, కానీ ఆ స్వాతంత్ర్యాన్ని చూసేవారు కార్యదర్శులూ స్టెనోగ్రాఫర్లే.

సంఘమంటే ప్రజా పద్దుల సంఘం ఒక్కటే కాదు; శాఖలవారీ స్థాయీ సంఘాలు 1993లో వచ్చాయి. అవి ఇప్పుడు 24, ఒక్కొక్క దానిలో 31 మంది. మంత్రులకు వీటిలో చోటు లేదు.

మరలి వచ్చెను = ఎన్నికలకు.

పాఠాంతరం: కొన్ని ప్రతులలో "సంతకము చేసి, కూర్చుండక, మరలి వచ్చెను" అని ఉంది. అరవై రోజులపాటు అనుమతి లేకుండా సభ సమావేశాలన్నిటికీ రాని సభ్యుని స్థానం ఖాళీ అయినట్టు సభ ప్రకటించవచ్చునన్న నియమం వల్ల సంతకం ఆవశ్యకం. పదోవంతు మంది ఉంటే కోరం నిండుతుంది గనుక కూర్చోవడం అంత ఆవశ్యకం కాదు. మధ్యలో లేచిపోయిన వారి పేరు కూడా హాజరైనవారి జాబితాలోనే నిలుస్తుంది కాబట్టి పండితులు ఉభయ పాఠాలనూ గ్రహించారు.