గ్యాస్ అయిపోయింది సార్!

మార్చి వచ్చిందంటే ఉప్పల్ నుంచి మేడిపల్లి దాకా వరంగల్ రోడ్డు పొడుగునా కార్లన్నిటికీ ఒకటే రోగం, ఒకటే మందు. బానెట్ పూర్తిగా లేవకముందే తీర్పు వచ్చేస్తుంది: "గ్యాస్ అయిపోయింది సార్. రెండేళ్లయింది గదా!"

పెట్రోలు అయిపోయిందంటే అర్థముంది, అది మండుతుంది. ఏసీ గ్యాస్ మండదు, అరగదు, ముసలిదవదు. కంప్రెసర్ నుంచి కండెన్సర్‌కు, అక్కణ్నుంచి డ్యాష్‌బోర్డు వెనకున్న ఎవాపరేటర్‌కు, మళ్లీ కంప్రెసర్‌కు తిరగడమే దాని ఉద్యోగం. రబ్బరు గొట్టాల్లోంచి ఏళ్ల మీద కాస్త జారొచ్చు. నిరుడు పట్టించింది ఈ ఏడాదికి లేదంటే మాత్రం ఎక్కడో లీకుంది. ఓ-రింగో, రాయి తగిలిన కండెన్సరో వెతకాలి. వెతికితే దొరుకుతుంది. దొరికితే వచ్చే మార్చిలో బేరం పోతుంది.

అందుకే మీటర్ దర్శనం. ఇంజన్ ఆపి ఎరుపు, నీలం గొట్టాలు తగిలించి "చూడండి సార్, ముల్లు" అంటారు. ఆపిన బండిలో ఆ ముల్లు చెప్పేది ప్రధానంగా ఆనాటి ఎండని. లోపల కాస్త ద్రవం మిగిలి ఉన్నంతవరకూ వంద గ్రాములున్నా ఐదొందలున్నా చూపేది ఒకటే. అసలు లెక్క బానెట్ కింద స్టిక్కర్ మీద గ్రాముల్లో అచ్చేసి ఉంటుంది. చిన్న కార్లకు సుమారు 350 నుంచి 500 దాకా. ఎంత పట్టిందని అడగండి. "ఫుల్ సార్!" అర కిలో చికెన్‌కు కాటా నిలిచేదాకా రెప్ప వేయని మనం ఇక్కడ తలూపి ఫోన్‌పే తీస్తాం.

లీకు దొరకని పెద్దలకు ఇంకో సిద్ధాంతం ఉంది: "పాత గ్యాస్‌లో పవర్ పోయింది." వాల్వు నొక్కి, ఉన్నదాన్ని గాలిలోకి వదిలేస్తారు. ఆ గ్యాస్ (ఆర్-134ఎ) వందేళ్ల లెక్కన కార్బన్ డయాక్సైడ్ కంటే 1,400 రెట్లకు పైగా భూమిని వేడెక్కిస్తుంది. అర కిలో వదిలితే ఏడు క్వింటాళ్ల కార్బన్ డయాక్సైడ్ వదిలినట్టే. ఓజోన్‌ను తినే ఆర్-12కు బదులుగా వచ్చిన ఈ గ్యాస్‌ను మనమే తయారుచేసుకోవాలని తార్నాక ఐఐసీటీ శాస్త్రవేత్తలు శ్రమపడ్డారు. 2016 కిగాలీ ఒప్పందం ప్రకారం 2028 నుంచి ఇలాంటి వాయువులకు దేశం పరిమితి పాటించాలి. మేడిపల్లిలో ఇదంతా "ఫుస్స్"మని ఒక్క క్షణంలో తేలిపోతుంది. ఆ తర్వాత తేమ లాగేయడానికి అరగంట తిరగాల్సిన వ్యాక్యూమ్ పంపు చాయ్ చల్లారకముందే ఆగిపోతుంది.

ఇంతకీ ఈ రోడ్డు మీద కార్లకు నిజంగా పట్టిన రోగం ఒకటుంది. ఉప్పల్–నారపల్లి ఎలివేటెడ్ కారిడార్ పనులు 2018లో మొదలై ఏళ్లకేళ్లు సాగాయి. ఆ దుమ్ము పిల్లర్ల కింద పాకే ప్రతి కారు కండెన్సర్‌లోనూ అట్టకట్టింది. గాలి ఆడక ప్రెషర్ పెరుగుతుంది. దానిమీద ఇంకో డబ్బా ఎక్కిస్తే కంప్రెసర్ ఆయాసపడుతుంది తప్ప కారు చల్లబడదు. ఘట్‌కేసర్ వైపు పరిగెత్తేటప్పుడు చల్లగా, ఉప్పల్ చౌరస్తా జాములో వెచ్చగా ఉంటే ముందు అనుమానించాల్సింది కండెన్సర్‌నీ దాని ఫ్యాన్‌నీ. గ్యాస్ నిపుణుల ప్రకారం మాత్రం గ్యాస్‌కు ఘట్‌కేసర్ అంటే ప్రేమ, ఉప్పల్ అంటే అలక!

పక్కనే వాటర్ సర్వీసింగ్ కుర్రాడుంటాడు. ముందు జాలీలోంచి రేకులు వంగకుండా మెల్లగా నీళ్లు కొట్టమంటే కొడతాడు. చిక్కల్లా ఏమిటంటే, దానికి వేల రూపాయల బిల్లు రాయడం ఎవరి వల్లా కాదు.